ఏ బండి, ఎక్కడ, ఎప్పుడు: సైక్లింగ్ క్లబ్బు గుట్టు కాపాడే పనికి డైరీ

సైకిలు దొంగకు మూడు సంగతులు తెలిస్తే చాలు. ఏ బండి ఖరీదైనది, అది ఎక్కడ నిలబడి ఉంటుంది, దాని దగ్గర మనుషులు లేని సమయం ఏది. హైదరాబాదు అంచున గండిపేట, నార్సింగి వైపు పొద్దున్నే రైడ్లు చేసే క్లబ్బుల్లో ఈ మూడూ బయటే దొరుకుతాయి, కాకపోతే మూడు వేర్వేరు చోట్ల. బండి ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలో, ఇంటి గేటు స్ట్రావా (రైడ్లు రికార్డు చేసి పంచుకునే యాప్) మ్యాపులో, ఖాళీ సమయం వాట్సాప్ గ్రూపులో. విడివిడిగా చూస్తే ఏదీ ప్రమాదంగా అనిపించదు. కలిపి చూసేవాడికి మాత్రం తాళంచెవి ఇచ్చినట్టే.

క్లబ్బు తలుపులు మూసేయాలని ఈ పని మొదలుపెట్టలేదు. కొత్తవాళ్లు రాకపోతే క్లబ్బే ఉండదు. ఆ మూడు ముక్కలూ ఒకే మనిషి చేతికి చిక్కకూడదు, అంతే. పెట్టుకున్న గడువు పది వారాలు.

1వ వారం: బయటివాడి కళ్లతో

స్ట్రావాలో ఫాలోయర్లు లేని, క్లబ్బులో సభ్యత్వం లేని కొత్త ఖాతా ఒకటి తెరిచాం. సొంత ఖాతాతో చూస్తే ఈ పరీక్ష పనికిరాదు. ఎవరి మ్యాపు వాళ్లకు స్ట్రావా పూర్తిగానే చూపిస్తుంది, దాచిన భాగంతో సహా. అందుకే చాలామంది సెట్టింగు పెట్టి కూడా పని చేయలేదనుకుంటారు. పెట్టనివాళ్లేమో పెట్టామనుకుంటారు.

ఒక కాగితం మీద మూడు గడులు గీశాం: బండి, చోటు, సమయం. ఒక్కొక్క సభ్యుడి గురించి బయటినుంచి తెలిసేదానికి టిక్కు. మూడు గడుల్లోనూ టిక్కు పడినవాళ్ల పని ముందు. లెక్క పూర్తయ్యాక ఆ కాగితాన్ని చింపేయాలి. అది దొంగకు దొరికితే వాడి పని సగం మనమే చేసిపెట్టినట్టు.

అన్నిటికంటే పెద్ద చిల్లు స్ట్రావాలో దొరుకుతుందనుకున్నాం. దొరికింది జెర్సీల ఆర్డరు షీటులో. పేరు, సైజు, ఫోన్ నంబరు, కొరియర్ అందాల్సిన చిరునామా అన్నీ ఉన్నాయి. లింకు ఉన్న ఎవరైనా తెరవొచ్చు. ఆ లింకు గ్రూపు వివరణలో పిన్ చేసి ఉంది. ఇలాంటి షీటులో గడులు తుడిచేస్తే సరిపోదు. వెర్షన్ హిస్టరీలో పాత అంకెలన్నీ ఉంటాయి, ఎడిట్ హక్కు ఉన్నవాళ్లకు అవి కనిపిస్తాయి. షీటునే తొలగించి, ట్రాష్ కూడా ఖాళీ చేయాలి. కాపీ చేసుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో గ్రూపులో అడగాలి.

రెండో చిల్లు బ్రెవే రైడ్ల, అంటే గడువులోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్ల (బీఆర్‌ఎం) స్టార్ట్ లిస్టు. 200 కిలోమీటర్ల బీఆర్‌ఎంకు గడువు 13 గంటల 30 నిమిషాలు, 600కు 40 గంటలు. పేరు ఆ జాబితాలో ఉందంటే మనిషి అంతసేపు ఇంట్లో లేనట్టే. ఒక బండి రోడ్డు మీద ఉంటుంది, రెండోది సెల్లార్‌లో ఉంటుంది. దొంగకు కావలసింది ఆ రెండోదే. జాబితా నిర్వాహకులది కాబట్టి మనం దాచలేం. ఆ రోజు రెండో బండిని సెల్లార్‌లోనుంచి ఫ్లాటులోకి తెచ్చిపెట్టుకోవడం మన చేతిలో ఉన్న పని.

2, 3 వారాలు: స్ట్రావా

ముందు క్లబ్బు పేజీ. దాన్ని ఆహ్వానం మీద మాత్రమే చేరేలా మార్చాం. క్లబ్బు ఈవెంట్లలో స్టార్ట్ పాయింటుగా ఎవరి అపార్ట్‌మెంటూ ఉండకూడదన్నది నియమం. అందరూ కలిసే పబ్లిక్ చోట్లే పెట్టాలి. అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాకు దీనికి బాగా పనికొచ్చింది. నానక్‌రామ్‌గూడ చివర కానీ నార్సింగి చివర కానీ కలిస్తే అందరి మ్యాపులూ ఒకేచోట మొదలవుతాయి. ఎవరు ఎటునుంచి వచ్చారో అందులో తేలదు.

తర్వాత సభ్యుల వ్యక్తిగత సెట్టింగులు. ప్రైవసీ కంట్రోల్స్‌లో మ్యాప్ విజిబిలిటీ ఉంది. అందులో మూడు దారులున్నాయి: ఒక చిరునామా చుట్టూ దాచడం, ఎక్కడినుంచి బయల్దేరినా మొదలూ చివరా దాచడం, మ్యాపు మొత్తం దాచడం. దూరాన్ని 200 మీటర్ల మెట్లలో 1,600 మీటర్ల దాకా పెంచుకోవచ్చు.

ఇక్కడ హైదరాబాదుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో బ్లాకు దగ్గరనుంచి మెయిన్ గేటుకే రెండు మూడు వందల మీటర్లు ఉంటుంది. 200 మీటర్లు దాస్తే గీత లోపలి రోడ్డు మీదే బయటపడుతుంది. 400 పెడితే సరిగ్గా గేటు ముందు బయటపడుతుంది. గేటు ఒక్కటే, బయటికి రోడ్డూ ఒక్కటే. కాబట్టి కమ్యూనిటీ పేరు ఎవరికైనా తెలిసిపోతుంది. మెహదీపట్నం, అమీర్‌పేట లాంటి సందుల చోట 600 మీటర్లకే వందల ఇళ్లు వస్తాయి, అక్కడ అది చాలు. ఊరి అంచున మాత్రం 1,000కి తగ్గకూడదు. 1,600 పెట్టుకోగలిగితే ఇంకా మంచిది.

సభ్యులు ఒప్పుకోకపోవడానికి కారణం ఎక్కువగా సెగ్మెంట్లే, అంటే అందరి సమయాలనూ స్ట్రావా పోల్చి చూపించే రోడ్డు ముక్కలు. దాచిన భాగంలో మొదలయ్యే సెగ్మెంటు సమయం పబ్లిక్ పట్టికలో కనబడదు. ఇంటి పక్క ఎక్కుడు మీద పేరు కోల్పోవడం ఇష్టపడనివాళ్లకు చెప్పిన మాట ఒకటే: దాచిన భాగంలో ఆ పేరు దక్కదు, వదులుకోండి.

మూడో వారం చేసిన పరీక్షలో ఇంకో లోపం కనిపించింది. మ్యాపులో గీత దాగింది కానీ మొత్తం దూరం దాగలేదు. రైడు 42.3 కిలోమీటర్లని రాసి ఉంది, కనబడే గీత కొలిస్తే 40.1. అంటే దాచిన భాగం 2.2. వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు చెరిసగం అనుకుంటే ఇల్లు గీత కొసనుంచి 1.1 కిలోమీటర్ల రోడ్డు దూరంలో ఉంది. ఆ దూరంలో మూడే రోడ్లుంటే వెతకడం కష్టం కాదు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లోనే ఈ పద్ధతిని పరీక్షించారు. దాచిన చోట్లలో 85 శాతం దాకా కనిపెట్టొచ్చని చూపించారు. వాళ్లకు సాయపడినవి ఇలా బయట మిగిలిపోయే దూరాల అంకెలు, రోడ్ల మ్యాపు. రోజూ అదే ఇంటినుంచి బయల్దేరే మనిషి రైడ్లు ఎన్ని ఎక్కువైతే లెక్క అంత గట్టిపడుతుంది.

దీనికి సెట్టింగులో మందు లేదు, అలవాటులోనే ఉంది. గేటు దాటి కనీసం ఒక కిలోమీటరు వెళ్లాక సైకిలు కంప్యూటర్‌లో రికార్డింగు బటను నొక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు అంతకుముందే ఆపేయాలి. రెండు చోట్లూ ఒకటి కాకూడదు. మ్యాప్ విజిబిలిటీ దానికి తోడు, బదులు కాదు.

మిగతావి త్వరగా అయిపోయాయి. ఫ్లైబైస్ (దారిలో ఎవరెవరు ఎదురుపడ్డారో చూపించేది) ఎవరికీ కనబడకుండా పెట్టడం. గేర్ జాబితాలో కంపెనీ, మోడల్ పేర్లు తీసేసి "బండి ఒకటి", "బండి రెండు" అని రాయడం. ఆఫీసు చిరునామా చుట్టూ కూడా దాచే జోన్ పెట్టడం, ఎందుకంటే పగలు ఎనిమిది గంటలు బండి ఉండేది అక్కడే. గార్మిన్ సైకిలు కంప్యూటర్ల యాప్ గార్మిన్ కనెక్ట్ వాడేవాళ్లకు ఇదంతా రెండోసారి చేయాలి. స్ట్రావాలో దాచింది గార్మిన్‌లో దాగదు, రెండు ఖాతాల సెట్టింగులూ వేరు. మార్పులన్నీ అయ్యాక పాత రైడ్లు ఒక పది తీసి కొత్త ఖాతాతో మళ్లీ చూడాలి.

ఇద్దరు ఒకే ఇంటినుంచి బయల్దేరితే మాత్రం ఇదంతా వృథా అవుతుంది. ఒకరు దాచి, ఇంకొకరు దాచకపోతే గ్రూప్ యాక్టివిటీలో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. స్నేహితుడి ఇంట్లో కలిసి బయల్దేరేవాళ్లు తమ ఖాతాలో ఆ ఇంటికి కూడా జోన్ పెట్టాలి.

4వ వారం: వాట్సాప్

చేరే లింకు క్యూఆర్ కోడుగా పోస్టర్ల మీద, సైకిల్ షాపుల కౌంటర్ల మీద ఉంది. ఆ లింకును రీసెట్ చేశాం. కొత్త సభ్యులను అడ్మిన్ ఆమోదించాలన్న సెట్టింగు పెట్టాం. పోస్టరు మీద ఇప్పుడు ప్రకటనల గ్రూపు లింకే ఉంది. వాట్సాప్ కమ్యూనిటీలో ఆ ప్రకటనల చోట సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. రైడ్ల గ్రూపుల్లో కనబడతాయి. కాబట్టి కొత్త మనిషి ముందు ప్రకటనల్లో ఉంటాడు. ఒక రైడుకు వచ్చి, ఇద్దరు పాత సభ్యులు "చూశాం" అన్నాకే లోపలి గ్రూపు. ఆధార్ అడగాలన్న మాట వచ్చింది, వద్దనుకున్నాం. అడిగితే దాన్ని దాచే బాధ్యత కూడా మనదే, ఇంకో చిల్లు పొడిచినట్టవుతుంది.

అడ్మిన్లు ముగ్గురే. క్లబ్బు మానేసినా అడ్మిన్‌గా మిగిలిపోయినవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు, వాళ్లను ముందు తీయాలి. రైడ్ల గ్రూపులో మెసేజ్‌లు 7 రోజుల్లో మాయమయ్యేలా పెట్టాం. వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తున్నారన్నది ఆ వారం దాటాక ఎవరికీ అక్కర్లేదు. అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ ఆన్ చేస్తే చాట్ ఎక్స్‌పోర్టు ఆగుతుంది. స్క్రీన్‌షాట్ ఆగదు, అది గుర్తుంచుకోవాలి.

మాటల్లో మార్చుకున్నది చిన్నదే. "పది రోజులు ఊళ్లో ఉండను" బదులు "రెండు వారాలు రైడ్లకు రాను". లైవ్ ట్రాకింగు లింకు ఇంట్లోవాళ్లకు, రైడ్ లీడరుకు. గ్రూపుకు కాదు.

5వ వారం: ఫొటోలు

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అందులోని జీపీఎస్ సమాచారం పోతుంది. అదే ఫైలును డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటుంది. నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపే అలవాటు క్లబ్బు ఫొటోలు తీసేవాళ్లకే ఎక్కువ. డ్రైవ్ లింకుల్లోనూ అంతే. కెమెరా యాప్‌లో లొకేషన్ ఆపేయడం సులువైన దారి. పాత ఫొటోలకు ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాముతో ఫోల్డరు మొత్తం ఒకేసారి శుభ్రం చేయొచ్చు, అసలు ఫైళ్ల కాపీ ముందు పక్కన పెట్టుకోవాలి.

అయితే జీపీఎస్ కంటే బొమ్మలోనే ఎక్కువ తెలుస్తుంది. సెల్లార్ స్తంభాల మీద పార్కింగు నంబరు రాస్తారు. చాలా అపార్ట్‌మెంట్లలో అది ఫ్లాటు నంబరే. కొత్త బండి ఫొటో ఆ స్తంభానికి ఆనించి తీస్తే బండీ, చోటూ ఒకే బొమ్మలో వచ్చేశాయి. గేటు బోర్డు, బాల్కనీలోనుంచి కనబడే పక్క టవరు, గోడకు బండిని వేలాడదీసిన కొక్కెం, వేసిన తాళం, ఇవన్నీ అంతే. నియమం: కొత్త బండి ఫొటో రోడ్డు మీదో, చెరువు గట్టునో. ఇంట్లో వద్దు.

6 నుంచి 8 వారాలు: ఫ్రేమ్ నంబర్ల పట్టిక

ఇంతవరకు దాచే పని. ఇక్కడినుంచి రాసిపెట్టే పని, ఎక్కువ సమయం తిన్నది ఇదే. మోటారు బండికి రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఫోనుకు ఐఎంఈఐ ఉంటుంది. సైకిలుకు ఫ్రేము మీద కొట్టిన నంబరు తప్ప వేరే గుర్తింపు లేదు. ఆ నంబరు యజమాని దగ్గర లేకపోతే బండి కళ్లముందు కనబడినా "ఇది నాదే" అని రుజువు చేయడం కష్టం.

కావలసినవి: అట్టముక్క లేదా పాత దుప్పటి, తడిగుడ్డ, పాత టూత్‌బ్రష్, చాక్‌పీస్, చిన్న టార్చి, ఫోను. ఒక్కో బండికి పది నిమిషాలు. హ్యాండిల్ మీది కంప్యూటర్, లైటు తీసేసి బండిని తలకిందులుగా నిలబెట్టాలి. నంబరు ఎక్కువగా పెడల్ యాక్సిల్ ఉండే గొట్టం కింద, అంటే బాటమ్ బ్రాకెట్ అడుగున ఉంటుంది. కొన్నిటికి హెడ్ ట్యూబు మీద, కొన్నిటికి వెనక చక్రం పట్టే డ్రాపౌటు మీద. బురద బ్రష్‌తో తీసి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. చాక్‌పీసు అడ్డంగా రుద్ది పైపొడి తుడిచేస్తే గుంటల్లో తెలుపు నిలుస్తుంది. ఫ్లాష్ వేస్తే అంకెలు కనబడకుండా పోతాయి. టార్చిని పక్కనుంచి, దాదాపు ఫ్రేముకు ఆనించినట్టు పడుకోబెట్టి వెలుగు వేయాలి. అప్పుడు ప్రతి అంకె నీడతో లేచి కనబడుతుంది.

తప్పులు ఎక్కడ వస్తాయంటే:

సున్నా, ఇంగ్లీషు ఓ. ఒకటి, ఐ. ఐదు, ఎస్. ఎనిమిది, బి. అందుకే ఇద్దరు విడివిడిగా రాసి సరిచూసుకోవాలి. తేడా వస్తే రెండు రకాలూ రాసిపెట్టాలి.

కేబుల్ గైడు. బాటమ్ బ్రాకెట్ అడుగున ఒక చిన్న స్క్రూతో బిగించిన ప్లాస్టిక్ ముక్క సగం నంబరును కప్పేస్తుంది. విప్పితే గేరు కేబుళ్లు వదులవుతాయి. కాబట్టి మెకానిక్ కేబుళ్లు మార్చే రోజున చూడటం మంచిది.

మోడల్ కోడ్. ఒకే మోడల్ బండ్లు రెండు పక్కపక్కన పెడితే రెండిటికీ అదే నంబరు కనిపించింది. అది తయారీ కోడు, అసలు నంబరు దాని కింది వరుసలో ఉంది. నంబరు కొత్తగా పట్టికలో చేర్చేటప్పుడు అదే ముందే ఉందేమో చూస్తే ఈ తప్పు దొరుకుతుంది.

కార్బన్ ఫ్రేము. నంబరు చెక్కకుండా పూత కింద స్టిక్కరుగా ఉండొచ్చు. దాన్ని గీకొద్దు, ద్రావకం పోయొద్దు. సొంతంగా ఏదీ చెక్కొద్దు, కార్బన్‌లో గీత పగులుకు మొదలు.

మళ్లీ రంగు వేయించిన పాత స్టీలు ఫ్రేముల్లో నంబరు మందపు పూత కింద మునిగిపోతుంది. వీటికి యజమాని పేరు, నంబరు రాసిన చీటీని ప్లాస్టిక్‌లో చుట్టి సీటు ట్యూబులో లోతుగా పెట్టాలి. సీటు పోస్టు దిగే లోతు కొలిచి దానికంటే కింద పెట్టకపోతే చీటీ నలిగి అడుక్కి జారిపోతుంది.

ఫ్రేముతో ఆగకూడదు. దొంగిలించిన మంచి బండిని ఊడదీసి భాగాలుగా అమ్ముతారు. ఫోర్కు, చక్రాల హబ్బులు, క్రాంకు నంబర్లు కూడా రాయాలి. తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటరు ఉంటే దాని వైర్‌లెస్ నంబరు, అంటే యాంట్ ఐడీ తప్పకుండా రాయాలి. అది తిరుగుతున్నప్పుడల్లా ఆ నంబరును గాల్లోకి పంపుతూనే ఉంటుంది. అంతకుముందు దానితో జత చేసిన గార్మిన్ కంప్యూటర్ దగ్గర్లో ఉంటే పట్టేస్తుంది. దానితోపాటు ఎవరికీ కనబడని ఒక గుర్తు: చైన్‌స్టే (వెనక చక్రం పక్కన ఉండే గొట్టం) లోపలివైపు గీత, మార్చిన ఒక బోల్టు. దీన్ని ఫొటో తీసి పట్టికలోనే ఉంచాలి, ఎక్కడా పెట్టకూడదు.

పట్టిక దాచే తీరు మీద ఎక్కువ చర్చ జరిగింది. క్లబ్బులోని ఖరీదైన బండ్లన్నీ, వాటి యజమానులూ ఒకే షీటులో ఉంటే దొంగకు అంతకంటే మంచి జాబితా ఉండదు. అందుకని రెండుగా విడగొట్టాం. ఒకదానిలో వరుస సంఖ్య, ఫ్రేమ్ నంబరు, ఫొటోలు. రెండోదానిలో వరుస సంఖ్య, పేరు, ఫోను. రెండూ వేర్వేరు ఖాతాల్లో, వేర్వేరు మనుషుల దగ్గర. ధర గడి లేదు, చిరునామా గడి అసలే లేదు. ఒకటి పోయినా రెండోది లేకుండా పనికిరాదు. సభ్యులు గూగుల్ ఫారం ద్వారా ఇస్తే "ఫలితాల సారాంశం చూపించు" అన్నది ఆఫ్‌లో ఉందో లేదో చూడాలి. ఆన్‌లో ఉంటే ఫారం నింపిన ప్రతివాళ్లూ మిగతావాళ్ల జవాబులు చూస్తారు. ఇష్టమున్నవాళ్లు బైక్ ఇండెక్స్ అనే ఆన్‌లైన్ సైకిళ్ల రిజిస్ట్రీలో కూడా ఉచితంగా నమోదు చేసుకోవచ్చు.

బిల్లు సంగతి. చాలా షాపుల బిల్లుల్లో మోడల్ పేరే ఉంటుంది. షాపుకు వెళ్లి ఫ్రేమ్ నంబరు రాయించి ముద్ర వేయించుకోవాలి. సెకండ్‌హ్యాండు బండికి అమ్మినవాళ్ల సంతకంతో కాగితం, అందులో నంబరు, ధర. ధర ఎందుకంటే, కొత్త చట్టాల్లో 5,000 రూపాయల లోపు వస్తువు దొంగతనాన్ని పోలీసులు నేరుగా కేసు కట్టలేని కోవలో పెట్టారు. విలువకు రుజువు లేకపోతే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చు.

9వ వారం: బండి పోతే

ముందే రాసిపెట్టుకున్న సందేశం నమూనా. అందులో ఉండేవి: కంపెనీ, రంగు, సైజు, పోయిన ప్రాంతం (చిరునామా కాదు), తేదీ, కుడివైపు ఫొటో ఒకటి, ఫ్రేమ్ నంబరులో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి. ఆ నాలుగూ దాచేది "మీ బండి దొరికింది, ముందు డబ్బు పంపండి" అనేవాళ్ల కోసం. నిజంగా బండి దగ్గరున్నవాళ్లు అడుగు భాగం ఫొటో తీసి పంపగలరు. సంప్రదించే నంబరు క్లబ్బుది, బాధితుడిది కాదు. మోసపోయి డబ్బు పంపేస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను.

పోలీసు పని. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దొంగతనం 303(2), ఇంట్లోంచి పోతే 305, దొంగ సొత్తని తెలిసి కొన్నవాళ్లకు 317. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. ఎలక్ట్రానిక్‌గా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. అన్నిటికంటే ముందు అపార్ట్‌మెంటు కమిటీకి సీసీటీవీ ఫుటేజీ తీసి ఉంచమని రాతపూర్వకంగా అడగాలి. రికార్డరులో డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది.

అమ్మకాల సైట్లు వెతకడానికి ఇద్దరే. కంపెనీ పేరు తప్పు స్పెల్లింగులతో, పేరు లేకుండా "గేర్ సైకిల్" అని, చక్రాలు విడిగా, గ్రూప్‌సెట్ (గేర్లు, బ్రేకుల సెట్టు) విడిగా కూడా వెతకాలి. దొరికితే లింకు, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి విచారణ అధికారికి ఇవ్వాలి. ఇలాంటప్పుడు పని చెడేది ఒక్కచోటే. గ్రూపులో లింకు పెట్టగానే ఇరవై మంది అమ్మేవాడికి మెసేజ్ చేస్తారు, పది నిమిషాల్లో ప్రకటన మాయమవుతుంది. అందుకే లింకు గ్రూపులో పెట్టకూడదు. కొనేవాళ్లలా నటించి కలవడానికి సొంతంగా వెళ్లకూడదు, ప్రాణం బండి కంటే పెద్దది.

ట్రాకర్లు కూడా చూశాం. ఆపిల్ ఎయిర్‌ట్యాగ్‌లో సీఆర్2032 బ్యాటరీ, దాదాపు ఏడాది వస్తుంది. అల్యూమినియం గొట్టంలో పెడితే సిగ్నలు మూసుకుపోతుంది. బాటిల్ కేజ్ కింద కానీ సీటు అడుగున కానీ పెట్టాలి. యజమాని ఫోనుకు దూరమైన ఎనిమిది నుంచి ఇరవై నాలుగు గంటల మధ్య అది కూస్తుంది, తోడు వస్తున్న ఫోనుకు హెచ్చరిక కూడా వెళ్తుంది. కాబట్టి మొదటి కొన్ని గంటలే దాని విలువ. గూగుల్ నెట్‌వర్కు ట్యాగుల్లో ఇంకో సంగతి ఉంది. చాలా ఫోన్లు రద్దీ చోట్ల దొరికిన ట్యాగుల జాడే పంపేలా మొదటినుంచీ సెట్ అయి ఉంటాయి. ఎవరూ నడవని సందులో బండి ఉంటే జాడ రాకపోవచ్చు.

10వ వారం: అమ్మకాలు, మిగిలిన పని

అమ్మే గ్రూపును విడిగా పెట్టాం. ప్రకటనలో ప్రాంతం పేరు మాత్రమే. చూపించేది సైకిల్ షాపు ముందు. టెస్ట్ రైడుకు వచ్చినవాళ్లు వాళ్ల బండి తాళమో, పూర్తి డబ్బో చేతికిచ్చాకే పెడల్ మీద కాలు. కొనేవాళ్లకు ఫ్రేమ్ నంబరు ముందే పంపాలి. వాళ్లు అడగకుండా కొంటామంటే ఎందుకో మనమే అడగాలి.

మొదటి వారం కొత్త ఖాతాతో చేసిన పరీక్షను మళ్లీ చేశాం. జెర్సీ షీటు లేదు, క్లబ్బు పేజీలో ఆహ్వానం లేకుండా ఎవరూ చేరలేరు. స్ట్రావాలో మిగిలింది 2021కి ముందటి రైడ్లు. కొందరు ఖాతా వాడటం మానేశారు కానీ మ్యాపులు అలాగే ఉన్నాయి, ఇల్లు మారనివాళ్లకు అవి ఇప్పటికీ సరైన చిరునామాలే. వాళ్లకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, స్క్రీన్ పంచుకుని, పాత రైడ్లు "నాకు మాత్రమే" కిందికి మార్పించాలి. బల్క్ ఎడిట్‌తో చేస్తే ఒక్కొక్కరికీ పావుగంట. జాబితాలో పేర్లు ఇంకా ఉన్నాయి, వచ్చే శనివారం నుంచి ఫోన్లు మొదలు.